చర్చి గుమ్మంలో లాటరీ, చొక్కా మీద బెట్టింగ్

ఇంగ్లండ్‌లో మొట్టమొదటి ప్రభుత్వ లాటరీ డ్రా తీసింది లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్ పడమటి గుమ్మం దగ్గర. 1569 జనవరి 11న మొదలై మే 6 దాకా రాత్రింబవళ్ళు సాగింది. రేవుల మరమ్మతుకు డబ్బు కావలసి మొదటి ఎలిజబెత్ రాణి తలపెట్టిన లాటరీ ఇది. టికెట్ వెల పది షిల్లింగులు, మొదటి బహుమతి విలువ 5,000 పౌండ్లు. టికెట్ కొన్నవాళ్ళు పేరుకు బదులు తమకు నచ్చిన ఓ వాక్యాన్ని గుర్తుగా రాయించుకునేవారు. చిన్నాచితకా నేరాలు చేసినవాళ్ళు టికెట్ కొంటే కొన్నాళ్ళు అరెస్టు ఉండదని తాయిలం కూడా పెట్టారు. అయినా అనుకున్నన్ని టికెట్లు అమ్ముడుపోలేదు. ఈ పనికి దేవుని మందిరం తగిన చోటు కాదని మాత్రం రాణి కొలువుకు తోచలేదు.

జూదం ఆడవద్దనే ఆజ్ఞ బైబిల్లో నేరుగా ఎక్కడా లేదు. చీట్లు వేయడం మాత్రం పలుచోట్ల కనిపిస్తుంది. ఇశ్రాయేలు గోత్రాలకు కనాను భూమి పంచింది చీట్లు వేసే. యేసును అప్పగించిన యూదా ఖాళీ చేసిన అపొస్తలుడి స్థానానికి మత్తీయను ఎంచుకున్నదీ అలాగే. సిలువ దగ్గర సైనికులు యేసు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. జూదాన్ని తప్పుపట్టే బోధకులు ఎక్కువగా ఎత్తిచూపేది ఈ చివరి సంగతినే. తొలి సంఘం పాచికల విషయంలో గట్టిగానే ఉండేది. నాలుగో శతాబ్ది మొదట్లో స్పెయిన్‌లోని ఎల్విరాలో కూడిన సభ, డబ్బు పెట్టి పాచికలాడే విశ్వాసిని ప్రభురాత్రి భోజనానికి దూరం పెట్టాలని తీర్మానించింది; మానేస్తే ఏడాది తర్వాత మళ్ళీ చేర్చుకోవచ్చు. 1215లో రోములోని లాటరన్ సభ పాచికలు వద్దని చెప్పింది ముఖ్యంగా పాదిరులకు.

అసలు తప్పు ఎక్కడుందన్న వాదన ఇంగ్లండ్ ప్యూరిటన్ల మధ్య రాజుకుంది. చీటీ ఎవరికి పడాలో నిర్ణయించేది దేవుడు, కాబట్టి ఆటకోసం పాచిక వేయడం ఆయన నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడంతో సమానమని జేమ్స్ బామ్‌ఫర్డ్ వంటివాళ్ళు అన్నారు. ఆ లెక్కన డబ్బు పెట్టకపోయినా పేకాట పాపమే. రోథర్‌హైత్ పాదిరి థామస్ గటాకర్ 1619లో ఓ లావాటి పుస్తకం రాసి దీన్ని కాదన్నాడు. పాచిక పడడం వాన పడడంలాంటి మామూలు సంగతేననీ, దానికి ప్రత్యేకంగా దేవుడు దిగిరావడం లేదనీ ఆయన వాదం. పాపం పాచికలో లేదు, దురాశలోనూ మోసంలోనూ ఎదుటివాడి నష్టంలోనూ ఉంది. జూదగాళ్ళకు వత్తాసు పలుకుతున్నాడని నిందపడి, 1623లో ఆయన ఇంకో పుస్తకంలో సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. తర్వాతి మూడు శతాబ్దాల్లో నిలబడింది గటాకర్ వాదమే. అంతకుముందే 1612లో వర్జీనియా వలస కోసం నడిపిన లాటరీలో కొన్ని చర్చిలు కూడా టికెట్లు కొన్నాయి.

1753 నాటికి సంగతి ఇంకా ముదిరింది. బ్రిటిష్ మ్యూజియం పెట్టడానికి పార్లమెంటు చట్టం చేసి 3,00,000 పౌండ్ల లాటరీ నడిపింది: మూడు పౌండ్ల చొప్పున లక్ష టికెట్లు. దాన్ని చూసుకోవలసిన పెద్దల్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఒకరు. టికెట్లు అమ్మే పని చేతిలో ఉన్న పీటర్ లీహ్యూప్ వాటిని దొంగచాటుగా గుత్తకు ఎత్తేసి ఎక్కువ ధరకు వదిలాడు. కోర్టు అతనికి వేసిన జరిమానా 1,000 పౌండ్లు. వెనకేసుకున్నది అంతకు ఎన్నో రెట్లు. మ్యూజియం మాత్రం లేచింది.

మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ దారి వేరు. 1739లో బ్రిస్టల్ వెళ్ళాలా వద్దా అన్నది తేలక ఆయన సహవాసంలోని వాళ్ళు చీట్లు వేశారు. వెళ్ళమని వచ్చింది, వెళ్ళాడు. అలాంటి వెస్లీయే డబ్బు గురించిన ప్రసంగంలో జూదాన్ని పొరుగువాడి ఆస్తికి చేసే హానిగా లెక్కగట్టాడు. ఇందులో పొంతనలేనిదేమీ లేదు. దేవుని చిత్తం అడగడం ఒకటి, ఒకడి జేబులోది ఇంకొకడి జేబులోకి లాగడం మరొకటి. బానిస వ్యాపారం మీద పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ కుర్రతనంలో క్లబ్బులో ఓ రాత్రి 600 పౌండ్లు గెలిచి, ఓడినవాళ్ళకు అంత స్తోమత లేదని తెలిసి ఆట మానేశాడు. 1808లో పార్లమెంటు కమిటీ లాటరీ పేదల ఇళ్ళు ఎలా కూలుస్తోందో విచారించింది. 1826 అక్టోబరు 18న చివరి డ్రా జరిగింది.

లాటరీ పోయినా గుర్రప్పందేలు పెరిగాయి. టెలిగ్రాఫ్, చవక పత్రికలు రేసు ఫలితాన్ని ఆ సాయంత్రానికే మిల్లు వీధికి చేర్చాయి. 1853 చట్టం నగదు పందేల దుకాణాలు మూయించింది కానీ, అరువు ఖాతాలో బుకీతో పందెం కాసే దొరలను ముట్టుకోలేదు. 1890లో జూద వ్యతిరేక లీగ్ పుట్టింది. నాన్‌కన్ఫర్మిస్టు చర్చిలే, అంటే ఆంగ్లికన్ చర్చికి బయటున్న చాపెల్‌లే, దానికి బలం. ప్రధాని రోజ్‌బరీ గుర్రాలు 1894, 1895ల్లో వరసగా డెర్బీ గెలిచినప్పుడు ఆయన సొంత లిబరల్ పార్టీకి ఓట్లేసే చాపెల్ జనమే తిట్టిపోశారు. రేసుకోర్సులోని బుకీలను కూడా పట్టుకోవాలని లీగ్ కోర్టుకెక్కింది. 1899లో ప్రభువుల సభ తీర్పుతో ఆ ఆశ పోయింది. అప్పుడు లీగ్ చూపు వీధి మీద పడింది.

1906 నాటి వీధి పందేల చట్టం దాని ఫలితం: మొదటిసారి దొరికితే పది పౌండ్ల జరిమానా, రెండోసారి ఇరవై. బుకీ మనిషి ఫ్యాక్టరీ గేటు దగ్గరో సందు చివరో చీటీలు పోగుచేసేవాడు. పోలీసులకు చిక్కకుండా చీటీ మీద మారుపేరు రాసేవారు. చీటీలు వేసే సంచి మూతికి గడియారం తాళం ఉండేది. మూసిన నిమిషం దాని మీద పడుతుంది కాబట్టి రేసు అయ్యాక చీటీ దూర్చే వీలుండదు. సందు మొగలో కాపలాకు పిల్లలు, కానిస్టేబుల్‌కు మామూలు. చర్చిలు మంచి మనసుతో తెప్పించిన చట్టం పేదవాడి ఆరు పెన్నీలను నేరం చేసింది, పెద్దమనిషి వంద పౌండ్లను వదిలేసింది. ఈ పక్షపాతాన్ని చర్చిలు తగినంతగా పట్టించుకోలేదు.

డబ్బు మెలిక వాళ్ళనూ వదల్లేదు. చాక్లెట్ వ్యాపారి, క్వేకరు జార్జ్ క్యాడ్‌బరీ తన డైలీ న్యూస్‌లో రేసు సలహాలు ఆపించాడు. కొన్నేళ్ళకు క్యాడ్‌బరీ, రౌంట్రీ కుటుంబాలు ‘స్టార్’ పత్రిక యాజమాన్యంలోకి వచ్చాయి. అందులో రేసు జోస్యాలు యథాప్రకారం నడిచాయి. ప్రత్యర్థి పత్రికలకు పండగైంది.

ఫుట్‌బాల్ కథలో చాపెల్‌కు పుట్టింటి హక్కే ఉంది. ఆస్టన్ విలాను 1874లో బర్మింగ్‌హామ్‌లోని వెస్లియన్ చాపెల్ యువకులు, ఎవర్టన్‌ను 1878లో లివర్‌పూల్‌లోని మెథడిస్టు చాపెల్ వాళ్ళు పెట్టారు. కుర్రాళ్ళు సారాకొట్టుకూ పందేలకూ పోకుండా ఉండాలన్నది చర్చి జట్ల ఉద్దేశాల్లో ఒకటి. 1923లో జాన్ మూర్స్ లిటిల్‌వుడ్స్ పూల్స్ మొదలుపెట్టాడు. మ్యాచ్‌ల ఫలితాలు ఊహించి కూపన్ పోస్టులో పంపడం ఇంటింటి అలవాటైంది. అదే మూర్స్ 1960లో ఎవర్టన్ ఛైర్మన్ అయ్యాడు.

1956లో ఆర్థికమంత్రి మాక్‌మిలన్ వడ్డీకి బదులు డ్రాలో బహుమతులిచ్చే ప్రీమియం బాండ్లు తెస్తే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఫిషర్ ఖండించాడు. 1961 మే నుంచి పందెం దుకాణాలు చట్టబద్ధమయ్యాయి. కాథలిక్కులు ముందునుంచీ గటాకర్‌కు దగ్గర్లోనే ఉన్నారు. పందెం స్వతహాగా అన్యాయం కాదనీ, తన అవసరాలకూ తనమీద ఆధారపడినవాళ్ళ అవసరాలకూ కావలసింది లాక్కుంటే తప్పనీ 1992 నాటి వారి కాటెకిజం చెబుతుంది. బింగో ఆడించి విరాళాలు పోగుచేసిన పారిష్‌లు అనేకం. 1994 నవంబరులో జాతీయ లాటరీ వచ్చాక, ఆ డబ్బుతో పాత చర్చిల కప్పులు బాగుచేసుకోవడానికి ఆంగ్లికన్లు దరఖాస్తు పెట్టుకున్నారు.

ఇటీవలి పోరాటంలో చర్చి వాదన పూర్తిగా హాని మీదే నిలిచింది. పందెం దుకాణాల్లోని యంత్రాల మీద ఒక్కో ఆటకు పెట్టగల గరిష్ఠ మొత్తం 2019 ఏప్రిల్‌లో 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు తగ్గింది; ప్రభువుల సభలో దానికోసం పట్టుబట్టినవారిలో సెయింట్ ఆల్బన్స్ బిషప్ ఉన్నారు. చాపెల్‌లో పుట్టిన విలా, ఎవర్టన్ రెండూ బెట్టింగ్ కంపెనీల పేర్లు చొక్కాల మీద మోశాయి. 2025-26 సీజన్ ముగిశాక ఛాతీ మీద ఆ పేర్లు ఉండబోవని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2023 ఏప్రిల్‌లో ఒప్పుకున్నాయి. చేతుల మీద, మైదానం చుట్టూ బోర్డుల మీద ఉండొచ్చు.