మార్లవాయి బడి నుంచి పరిశోధన గది దాకా

ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల జనం మార్లవాయికి చేరుకుంటారు. 1987లో ఇదే రోజున కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్ సమాధి అక్కడ ఉంది. ఆమె భర్త హైమండార్ఫ్‌ను కూడా అదే రోజు తలచుకుంటారు. ఆయన చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. మన పెద్దలు మాత్రం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది భూమి పట్టాల కోసం, బడి కోసం. ఆ బడిలో మనం ఇప్పటికీ పూర్తిగా నేర్చుకోని పాఠం ఒకటుంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక నిజాం ప్రభుత్వానికి భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమండార్ఫ్‌ను పంపింది. ఆ తర్వాత 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. కాస్తోకూస్తో చదవడం వచ్చిన గోండు యువకులను వెతికి, వాళ్లకు తర్ఫీదు ఇచ్చి, పంతుళ్లుగా గూడేలకు పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. అంటే పిల్లవాడి భాష, పిల్లవాడి మనిషే పంతులు, ఆ పంతులుకు బతుకుదెరువు, ఈ మూడూ ఒకేచోట కలిశాయి. అందుకే ఆ బడి నిలబడింది. పథకం పట్టుకున్నది పోరాటం తర్వాతే అన్న సంగతి కూడా మరవకూడదు. జోడేఘాట్ లేకుండా మార్లవాయి లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మూడూ విడిపోయాయి. మెట్రిక్ దాటిన చదువులకిచ్చే స్కాలర్‌షిప్ 1948-49లో గిరిజన విద్యార్థులకూ అందింది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, ఐటిడిఎలు, గురుకులాలు వచ్చాయి. బడుల్లో గోండి మాత్రం వెనక్కి పోయింది. ఏజెన్సీ బడుల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డబ్బు కొంత మిగిలింది. భాష, మన పంతులు చేజారిపోయాయి.

ఈ లోటుతోనే మన పిల్లలు పీజీకి, పిహెచ్‌డికి వెళ్తున్నారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఏడున్నర శాతం సీట్లున్నాయి. తెలంగాణలో ఆరు శాతం 2022లో పదికి పెరిగింది. పరిశోధకులకు ప్రత్యేకంగా ఫెలోషిప్ 2005-06లో గానీ రాలేదు. అది లేకముందు పిహెచ్‌డి అంటే నాలుగైదేళ్లు ఇంటికి పైసా పంపలేకపోవడమే. పోడు దున్నే తల్లిదండ్రులకు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుసు. ఇప్పుడు దేశం మొత్తంలో ఏడాదికి 750 మంది గిరిజన పరిశోధకులకు ఫెలోషిప్ ఉంది. నిజంగా పెద్ద మేలు. అయితే విశ్వవిద్యాలయం ధ్రువీకరిస్తేనే ఆ సొమ్ము ఖాతాలో పడుతుంది. కాగితం ఒక బల్ల దగ్గర ఆగిందంటే మెస్ బిల్లు ఆగదు.

తలుపు దగ్గరే ఆపిన సందర్భాలూ ఉన్నాయి. 2016 యుజిసి నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్షలో సగం మార్కులు వస్తేనే ఇంటర్వ్యూకు పిలుపు. ఆ పైన ఎంపిక అంతా ఇంటర్వ్యూ మీదే. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు, ఇలా మూడు గట్లు ఎక్కివచ్చిన విద్యార్థి ఆ గదిలో పది నిమిషాలు ఎలా మాట్లాడాడన్నదే అతని భవిష్యత్తు అయింది. విద్యార్థులు వీధికెక్కారు. 2018లో రాత పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతంగా మార్చారు. రిజర్వుడు విద్యార్థులకు అర్హత మార్కుల్లో అయిదు శాతం సడలింపు ఇచ్చారు. అడగకపోతే ఆ మాత్రం కూడా మారేది కాదు.

సీటు, సొమ్ము వచ్చాక మూడో ప్రశ్న మిగులుతుంది. లోపల మన మాట వినేదెవరు? మన జాతరలు, మన కథలు, మన అడవి పేర్లు తెలిసిన గైడు ఎక్కడ? ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు దొరికినప్పుడు వాటిని చదివి చెప్పింది ఊరి పెద్దలే. వాళ్ల సాయంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారు పని చేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంతటి విద్య ఉన్న పెద్దాయనకు మన విశ్వవిద్యాలయాల్లో ఏ కుర్చీ ఉంది? సమాచారం చెప్పేవాడిగానే ఉండిపోతాడు.

ఈ ముడి ఎలా విప్పవచ్చో రాంచీ చూపించింది. రామ్‌దయాళ్ ముండా షికాగోలో భాషాశాస్త్రంలో పిహెచ్‌డి చేసి, అమెరికాలోనే పాఠాలు చెప్పి, తిరిగివచ్చారు. రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన, ప్రాంతీయ భాషల శాఖను నిలబెట్టారు. ముండారి, సంతాలీ, హో, కురుఖ్, ఖరియా భాషల్లో పీజీ చదువు సాధ్యమైంది. తర్వాత ఆయనే అక్కడ వైస్ చాన్సలర్ అయ్యారు. ఒక్కడు పైకి వెళ్లి తన వెనుక నిచ్చెన దించితే ఎంతమంది ఎక్కగలరో ఆ శాఖ చెబుతుంది.

2014 విభజన చట్టం మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయాలు ఇప్పుడు మనకూ ఉన్నాయి. విజయనగరంలో 2019లో మొదలైంది. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో రావడానికి 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. పేరులో మనం ఉన్నాం, సంతోషమే. ఇక ఆ తరగతి గదుల్లో గోండి, కోయ, సవర భాషలు వినిపించాలి. ఊరి పెద్దలు పాఠం చెప్పాలి. చెంచు, కొలాం పిల్లలు రిజర్వేషన్‌లోనూ వెనకబడిపోకుండా వాళ్లకంటూ చోటు ఉండాలి. ఫెలోషిప్ నెల తప్పకుండా అందాలి.

ఎనభై ఏళ్ల కిందట తాటాకు, తడికల కాలంలో ఒక చిన్న గూడెం ఈ పని చేసి చూపించింది. ఇంత పెద్ద విశ్వవిద్యాలయాలకు చేతకాదంటే నమ్మేదెలా? ఇన్నాళ్లూ మన గురించి ఇతరులు రాసిన సిద్ధాంత గ్రంథాలు చదివాం. ఇకమీదట మన పిల్లలు రాసినవి కూడా ఆ పక్కనే అరల్లో ఉండాలి.