ఫోన్ 'ఫొటో' అని ఊరుకుంది: పుణె నుంచి వెళ్ళిన రామన్ గారి కథ



ఉగాది సభకు పిలుపు మన గ్రూపులో పెట్టాం, గుర్తుందా? మామిడి తోరణం, రంగుల ముగ్గు, మధ్యలో పెద్ద పెద్ద అక్షరాలు. తయారుచేసింది నేనే. అందరూ బాగుందన్నారు. మరునాడు పొద్దున్నే మన సభ్యుల్లో ఒక బాబాయి ఫోన్ చేశారు. గ్లాకోమాతో ఆయన చూపు పోయి నాలుగేళ్ళయింది. ఫోన్ చదివి వినిపిస్తేనే గ్రూపులో ఏముందో ఆయనకు తెలిసేది.

"సభ ఎప్పుడురా అబ్బాయ్? నా ఫోన్ 'ఫొటో' అని చెప్పి ఊరుకుంది" అన్నారు.

తేదీ, చోటు చెప్పాను. ఆయన మామూలుగానే మాట్లాడి పెట్టేశారు. నాకే మనసులో గుచ్చుకుంది. అసలు ఆ ఫోన్ ఎలా చదువుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అని చదువుకుంటూ పోతే, ఆ తీగ వెళ్ళి మన పుణెలోనే తేలింది.

ఆయన పేరు టి. వి. రామన్. కంప్యూటర్ శాస్త్రవేత్త. తెలుగువాడని చెప్పుకోవడానికి ఏమీ లేదు, కానీ 1965లో పుట్టింది పుణెలో. గణితంలో డిగ్రీ చదివింది ఇక్కడి నౌరోస్‌జీ వాడియా కాలేజీలో. ఆ కాలేజీ ముందు నుంచి మనలో ఎంతమంది రోజూ వస్తూ పోతూ ఉంటామో!

పుట్టినప్పటి నుంచే ఆయనకు చూపు కొద్దిగా ఉండేది. పద్నాలుగో ఏట గ్లాకోమా ఆ కొద్దిపాటి చూపునూ తీసేసింది. అప్పటికి మాట్లాడే కంప్యూటర్లు ఆయనకు అందుబాటులో లేవు. పాఠ్యపుస్తకాలు అన్న, గురువులు, సహాయకులు పైకి చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకునేవారు. ఐఐటీ బొంబాయిలో గణితం, కంప్యూటర్ సైన్సు చదివేటప్పుడు కూడా ప్రోగ్రాములు రాయడానికి తోటి విద్యార్థుల సాయం కావాల్సి వచ్చేది.

ఆ తర్వాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పరిశోధనకు ఎంచుకున్న విషయం ఆయన సొంత కష్టంలోంచి వచ్చిందే: లెక్కల పుస్తకాన్ని చెవికి ఎలా అందించాలి?

ఈ చిక్కు మనం కూడా చిటికెలో తెలుసుకోవచ్చు. 'ఎ ప్లస్ బి బై సి' అని ఎవరికైనా చెప్పి రాయమనండి. ఒకరు ఎ, బి రెండింటినీ కూడి కింద సి రాస్తారు. ఇంకొకరు బి కింద మాత్రమే సి రాస్తారు. కాగితం మీద ఆ తేడా గీత పొడవులో ఉంది. మాటలో ఆ గీత లేదు. పేజీ మీద ఎక్కడ ఉందన్నదే అర్థం చెబుతుంటే, ఉన్న అక్షరాలన్నీ వరసగా చదివేసినా అర్థం అందదు.

రామన్ గారు చేసిన వ్యవస్థ పేరు ఆస్టర్. అది శాస్త్రవేత్తలు రాసుకునే లేటెక్ పత్రాన్ని తీసుకుని, ముందు దాని నిర్మాణాన్ని పట్టుకుంటుంది. ఇది భిన్నం, ఇది ఘాతం, ఇది మొత్తం సమీకరణంలో ఎడమ భాగం అని గుర్తుపట్టి, ఆపైన చదువుతుంది. పైన రాసే ఘాతం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెంచుతుంది. పొడవాటి సమీకరణమైతే వినేవాడు ముందు దాని రూపం విని, కావలసిన ముక్కలోకి దిగి, మళ్ళీ పైకి రావచ్చు. కళ్ళున్నవాడు పేజీ మీద చూపు తిప్పే పని ఇక్కడ చెవితో జరుగుతుంది. ఈ పరిశోధనకు 1994లో డాక్టరేట్ వచ్చింది. ప్రపంచంలోని కంప్యూటర్ శాస్త్రవేత్తల పెద్ద సంస్థ అయిన ఏసీఎం, ఆ ఏటి ఉత్తమ పరిశోధనా గ్రంథంగా బహుమతి ఇచ్చింది. ఆస్టర్ అన్నది ఆయనకు దారి చూపిన కుక్క పేరు కూడా.

మరుసటి ఏడు, 1995 ఏప్రిల్‌లో, ఈమాక్‌స్పీక్ విడుదల చేశారు. బాబాయి ఫోన్ సంగతి అర్థం కావాలంటే ఇక్కడ కొంచెం ఆగాలి.

అప్పటి స్క్రీన్ రీడర్లు తెర మీద పడిన అక్షరాలను ఏరుకుని చదివేవి. నెల క్యాలెండర్ గళ్ళలో ఉందనుకోండి. ఒక గడి మీదికి వెళితే అది 'పదిహేడు' అంటుంది. ఏ వారమో తెలియాలంటే పై వరసకు వెళ్ళాలి, ఏ నెలో తెలియాలంటే ఇంకా పైకి వెళ్ళాలి. కళ్ళున్నవాడు ఒక్క చూపులో కలుపుకునేదాన్ని, చూపు లేనివాడు మూడు చోట్ల ఏరుకోవాలి. రామన్ గారు ఆలోచన తిప్పారు. తెరను ఎందుకు అడగడం? ఆ రోజేమిటో క్యాలెండర్ ప్రోగ్రాముకు తెలుసు కదా, దాన్నే అడుగుదాం. అప్పుడు గొంతు 'మంగళవారం, మార్చి 17' అని ఒక్కసారిగా చెబుతుంది.

మరి వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము కడుపులోకి వెళ్ళి అడగడం ఎలా? ఇక్కడే ఓపెన్ సోర్స్ అక్కరకు వచ్చింది. ఈమాక్స్ అనేది రిచర్డ్ స్టాల్‌మన్ 1985 నుంచి అందరికీ తెరిచి ఇచ్చిన ఎడిటర్. ఉత్తరాలు, ప్రోగ్రాములు, క్యాలెండర్ అన్నీ అందులోనే నడుస్తాయి. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. పైగా అందులో 'అడ్వైస్' అనే వసతి ఉంది. ఎవరో రాసిన భాగాన్ని ముట్టుకోకుండానే, దాని పనికి ముందో వెనకో మన పని తగిలించవచ్చు. కర్సర్ పక్క వరసకు జరిగిందా, జరగ్గానే ఆ వరస చదువు. ఫైలు మూసుకుందా, చిన్న శబ్దం చెయ్యి. ఇలా ఒక్కొక్క పనికీ గొంతు తగిలించుకుంటూ వెళ్ళారు. ప్రోగ్రాము రాసేటప్పుడు వ్యాఖ్యలకు ఒక గొంతు, అసలు ఆదేశాలకు మరో గొంతు ఏర్పాటు చేశారు. మనకు రంగులు చేసే పనిని ఆయనకు గొంతులు చేస్తాయి. తాళం వేసిన ఇల్లయితే గుమ్మం దగ్గర నిలబడి వినాల్సిందే. ఇది తలుపు తీసి ఉన్న ఇల్లు కాబట్టి లోపలికి వెళ్ళి ప్రతి గదిలోనూ గంట కట్టగలిగారు.

కట్టింది తనకోసమే అయినా తన దగ్గరే ఉంచుకోలేదు. ఈమాక్‌స్పీక్‌ను కూడా అలాగే తెరిచి అందరికీ ఇచ్చారు. 1999లో అది అమెరికాలోని స్మిత్‌సోనియన్ వారి సమాచార సాంకేతిక సేకరణలో చేరింది. డిజిటల్, అడోబ్, ఐబీఎం, 2005 నుంచి గూగుల్ అని ఉద్యోగాలు మారినా, ఈ పని మాత్రం ఆపకుండా కొత్త కొత్త రూపాలు విడుదల చేస్తూనే వచ్చారు. వాటిలో చాలావాటి పేర్లలో చివర 'డాగ్' అని ఉంటుంది. దారి చూపిన నేస్తాలను మరిచిపోలేదన్నమాట.

గూగుల్‌లో ఉండగా టచ్ ఫోన్లు వచ్చాయి. బొత్తాలు పోయి నున్నటి అద్దం మిగిలింది. అద్దం మీద అయిదు అంకె ఎక్కడుందో వేలికేం తెలుస్తుంది? రామన్ గారు, ఆయన సహచరుడు చార్లెస్ చెన్ దీనికి చేసిన ఉపాయం ఎంత తేలికైనదో చూడండి. వేలు మొదట ఎక్కడ ఆనితే అదే అయిదు. అక్కడి నుంచి పైకి జరిపితే రెండు, పక్కకు జరిపితే నాలుగో ఆరో. చోటు వెతుక్కునే పనే లేదు. వాళ్ళ ఐస్ ఫ్రీ ప్రాజెక్టు నుంచే టాక్‌బ్యాక్ వచ్చింది, 2009లో ఆండ్రాయిడ్ ఫోన్లలో చేరింది. అదీ ఓపెన్ సోర్సే. బాబాయి ఫోన్‌లో ఇప్పుడు గ్రూపును చదివి వినిపిస్తున్నది అదే టాక్‌బ్యాక్. తర్వాత ఎంతోమంది చేతులు పడ్డాయి, తెలుగు చదివే గొంతులూ వచ్చాయి, కానీ మొదటి అడుగుల్లో ఒకటి మన ఊరి మనిషిది.

ఇంత పని జరిగాక మనం చేసిందేమిటి? తేదీని, సమయాన్ని, చోటును బొమ్మలో కలిపేసి పంపాం. అడిగితే చెప్పేందుకు ఆ బొమ్మ వెనక అక్షరాలేవీ లేవు. టాక్‌బ్యాక్ తప్పు కాదది. విషయాన్ని లోపల పెట్టి తాళం వేసింది మనమే.

ఇది బాబాయి ఒక్కరి సంగతి కూడా కాదు. మన పిల్లల మాటేమిటి? పుణె, షోలాపూర్, ముంబయిలో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో తెలుగు నోట ఉంది, చెవిలో ఉంది. బడి మరాఠీలోనో ఇంగ్లీషులోనో కావడంతో, చాలామందికి అక్షరం మాత్రం రాదు. నాయనమ్మతో గలగలా మాట్లాడే పిల్ల, మన గ్రూపులో తెలుగు చూసి కిందికి జరిపేస్తుంది. అక్షరాలు టైపు చేసి పెడితే ఆ పిల్ల ఫోన్ చేత చదివించుకుని వినగలదు. అక్షరం నేర్పడం మానుకోమని కాదు, నేర్చుకునేదాకా చెవి దారి మూసెయ్యొద్దని నా మనవి.

కాబట్టి మన సంఘానికి రెండు మాటలు. ఇకనుంచి ప్రతి పిలుపు బొమ్మ కింద అదే విషయం టైపు చేసి పెడదాం. పాత సంచికలు ఫొటోలు తీసి పెట్టాం కదా, వాటిలో ముఖ్యమైన వ్యాసాలు తలా ఒకటి పంచుకుని టైపు చేద్దాం. మొదటిది నేను తీసుకుంటాను.

ఈ వ్యాసాన్ని పెట్టేముందు ఫోన్ చేత చదివించి, కళ్ళు మూసుకుని విన్నాను. రెండు మూడు చోట్ల నాకే అర్థం కాలేదు, అక్కడ వాక్యాలు మార్చాను. బాబాయికి ముందే పంపాను. "ఈసారి ఫొటో అనలేదురా" అన్నారు.