శంఖుపుష్పమా, శంఖపుష్పా? మన దడి మీది నీలం తీగ చరిత్ర



ఈసారి రాసేది ధరల గురించి కాదు, యూరియా గురించి కాదు. మన దడుల మీద, గుడి పక్కన, పెరట్లో బావి దగ్గర పాకే నీలం పూల తీగ గురించి. శంఖుపుష్పం. మా పెద్దవాళ్ళు దింటెన అనేవాళ్ళు. పురోహితులు గిరికర్ణిక అంటారు, ఉత్తరాది వాళ్ళు అపరాజిత అంటారు. శివుడి పూజకి కోసుకోవడం తప్ప దాన్ని మనం పెద్దగా పట్టించుకున్నది లేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ఊళ్ళలోకి మనుషులొస్తున్నారు. "శంఖపుష్పి వెయ్యండి, విత్తనం మాదే, కొనుగోలు మాదే" అంటున్నారు. మా వైపు వచ్చినాయన్ని నేను ఒక్కటే అడిగాను, "ఏ శంఖపుష్పి బాబూ?" అని. ఆయన ఫోనులో నీలం పూవు బొమ్మ చూపించాడు. చేతిలో కాగితం మీద మాత్రం జ్ఞాపకశక్తి మందుకి వాడే మొక్క అని ఉంది. ఆ రెండూ ఒక మొక్క కాదు. ఇది ఆయన ఒక్కడి సంగతీ కాదు, ఈ పేరు తికమక కనీసం నాలుగు వందల ఏళ్ళ నాటిది. ఆ కథ తెలిస్తే మనల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు.

ముందు మొక్కల్ని గుర్తుపడదాం. మూడూ నేల మీదో దడి మీదో పాకేవే, మూడూ ఏడాదితో చావకుండా మళ్ళీ చిగురించేవే. అందుకే కలిసిపోతాయి.

మొదటిది మన శంఖుపుష్పం. ఇది చుట్టుకుంటూ ఎక్కే తీగ. ఒక ఈనెకి ఐదు లేదా ఏడు చిట్టి ఆకులుంటాయి, చివరన ఎప్పుడూ ఒంటి ఆకే. పూవు పెద్దది, రెండు అంగుళాల దాకా ఉంటుంది. ఒక పెద్ద రేకు పరుచుకుని, మధ్యలో తెలుపో పసుపో మచ్చ ఉంటుంది. తెల్ల పూల రకమూ ఉంది, ముద్ద పూల రకమూ ఉంది. అన్నిటికంటే గట్టి గుర్తు కాయ. చిక్కుడు జాతి కాబట్టి చదునుగా, సన్నగా, బెత్తెడు లోపు కాయ కాస్తుంది, లోపల ఆరు నుంచి పది గింజలుంటాయి.

రెండోది విష్ణుక్రాంత. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో ఉంటుందే, అదే. ఇది ఎక్కదు, మెట్ట చేలల్లో, బీళ్ళలో నేలకి అంటుకుని పాకుతుంది. ఆకు చిన్నది, ఒంటిది, చేత్తో తడిమితే మెత్తని నూగు తగులుతుంది. పూవు నీలమే గానీ చొక్కా గుండీ కంటే చిన్నది, గుండ్రంగా ఉంటుంది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. చిక్కుడు కాయలాంటిది కాయనే కాయదు.

మూడోది మన వైపు అంతగా కనపడదు. రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి చోట్ల ఎండు నేలల్లో పెరుగుతుంది. ఇదీ నేల మీద పాకేదే. ఆకులు సన్నగా పొడుగ్గా, పూవు గరాటు ఆకారంలో తెలుపు లేదా లేత గులాబీ రంగులో ఉంటుంది. శాస్త్రం పేరు కాన్వాల్వులస్ ప్లూరికాలిస్, ఇప్పుడు కాన్వాల్వులస్ ప్రోస్ట్రేటస్ అని రాస్తున్నారు. భారత ప్రభుత్వం ప్రకటించిన ఆయుర్వేద ఫార్మకోపియాలో శంఖపుష్పి అంటే ఇదీ. మన నీలం తీగ అందులో అపరాజిత అనే వేరే పేరు కింద ఉంది. గుర్తు పెట్టుకోండి, డబ్బు సంగతి వచ్చేసరికి ఇదే అక్కరకొస్తుంది.

మరి పేర్లు ఎలా కలిశాయి? పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశంలో అపరాజితకి గిరికర్ణి, విష్ణుక్రాంత అని కూడా పేర్లిచ్చారు. అంటే మనం నేల మీద పాకే చిన్న పూవుని విష్ణుక్రాంత అంటుంటే, వైద్య గ్రంథంలో అదే పేరు దడి ఎక్కే పెద్ద పూవుకి ఉంది. ఇక శంఖం లాంటి పూవు అనే పేరు ఎవరికి నచ్చిన మొక్కకి వాళ్ళు పెట్టుకున్నారు. ఉత్తరాదిన తెల్ల పూల మొక్కకి, కేరళలో నీలం తీగకి. వైద్యుడు తన ఊళ్ళో దొరికేదాన్నే వాడాడు, తప్పేమీ కాదు. అప్పట్లో ఇలాంటి మొక్క పెద్దగా ఊరు దాటేది కాదు. ఇప్పుడు లారీల్లో రాష్ట్రాలు దాటుతోంది కాబట్టి తప్పవుతోంది.

ఈ తీగని తెల్లవాళ్ళు ఎప్పుడు చూశారో కూడా చెప్పుకోవాలి. కొచ్చిలో డచ్చి వాళ్ళ అధికారి వాన్ రీడ్, అక్కడి వైద్యుల చేత మొక్కల వివరాలు చెప్పించి "హోర్టస్ మలబారికస్" అనే పుస్తకం వేయించాడు. 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలు వచ్చాయి. చెప్పినవాళ్ళలో ముఖ్యుడు ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుడు. మన నీలం తీగ అందులో "శంగ కుస్పి" అనే పేరుతో బొమ్మతో సహా ఉంది. చూడండి, శంఖపుష్పి అనే మాట డచ్చి వాళ్ళ నోట్లో పడి అలా అయింది.

అదే కాలంలో తూర్పున, ఇప్పటి ఇండోనేషియాలోని అంబాన్ దీవిలో రంఫియస్ అనే డచ్చి కంపెనీ ఉద్యోగి ఉన్నాడు. 1670లో చూపు పోయినా సాయం పెట్టుకుని అక్కడి మొక్కల మీద పెద్ద గ్రంథం రాయించాడు. ఆ దీవుల వాళ్ళు ఈ పూలతో అన్నానికి నీలం రంగు పట్టించుకోవడం ఆయన రాసిన సంగతుల్లో ఒకటి. ఈనాడు నగరాల్లో కప్పు ఇంతని పోసే నీలం టీకి మూలం అక్కడి పల్లె వంటింట్లో ఉందన్నమాట.

ఆ పక్కనే మొలుక్కస్ దీవుల్లో టెర్నాటే అని ఒక చిన్న దీవి. అక్కణ్ణుంచి వెళ్ళిన మొక్కని చూసి 1678లో బ్రెయిన్ అనే యూరప్ పండితుడు వర్ణించాడు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్నే ఖాయం చేసి క్లిటోరియా టెర్నాటియా అని పేరు పెట్టాడు. ముందు మాట పూవు ఆకారాన్ని బట్టి పెట్టింది. ఆ పేరు మర్యాదగా లేదని తర్వాత కొందరు పండితులు గొడవ చేశారు గానీ మారలేదు. రెండో మాట ఆ దీవి పేరు. అలా మన గుడి పూవు నెత్తిన సముద్రం అవతలి దీవి పేరు కూర్చుంది.

తెలుగు నేలకి ఇందులో వాటా లేదా అంటే, ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేశాడు, మిరియాలు, నీలిమందు లాంటివి పరీక్షించాడు, చుట్టుపక్కల మొక్కల బొమ్మలు గీయించాడు. ఆయన గొప్పతనం ఒకటి చెప్పాలి. మొక్క పక్కన మన తెలుగు పేరు కూడా రాసుకునేవాడు. తర్వాత కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళాడు. ఆయన చనిపోయాక 1832లో అచ్చయిన "ఫ్లోరా ఇండికా"లో మన శంఖుపుష్పం కూడా ఉంది.

ఇంతవరకు పేర్ల కథ. ఇక రైతుకి పనికొచ్చే కథ ఆస్ట్రేలియాది. క్వీన్స్‌లాండ్‌లో మనలాంటి నల్లరేగడి నేలలున్నాయి. ఏళ్ళ తరబడి ధాన్యం పంటలే వేసి నేలలో సత్తువ పోయింది. అప్పుడు అక్కడి వాళ్ళు ఈ తీగని మేతగా, పంట మార్పిడిగా పట్టుకున్నారు. 1990ల మొదట్లో "మిల్‌గర్రా" అనే రకాన్ని విడుదల చేశారు. చిక్కుడు జాతి కదా, వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. వేరు లోతుగా పోతుంది కాబట్టి ఎండకి ఓరుస్తుంది. పశువులు ఇష్టంగా తింటాయి. మన దేశంలో కూడా ఝాన్సీలోని గడ్డి పరిశోధన సంస్థ, జోధ్‌పూర్‌లోని కాజ్రీ దీన్ని మేత పంటగా పరిశీలించాయి. గానీ మన ఊళ్ళకి ఆ కబురు సరిగ్గా చేరలేదు.

ఇంకొకటి. ఈ మొక్కలో సైక్లోటైడ్లు అనే పదార్థాలున్నాయి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునేవి. ఈ మొక్క సారంతో చేసిన మందుని ఆస్ట్రేలియాలో పత్తి మీద శనగపచ్చ పురుగుకి, తెల్లదోమకి వాడుతున్నారు. అలాగని ఆకు నూరి చేలో కొట్టమని నేను చెప్పట్లేదు. వాళ్ళది మోతాదు తేల్చి అనుమతి తీసుకున్న సరుకు.

ఇప్పుడు పూవు సంగతి. ఆ నీలం రంగుకి కారణమైన పదార్థాలకి, టెర్నాటే పేరు మీదనే, టెర్నాటిన్లు అని పేరు. వేడి నీళ్ళలో పూలు వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదా రంగుకి తిరుగుతుంది. పిల్లలకి చేసి చూపించండి, సంబరపడతారు. థాయిలాండ్‌లో చల్లని పానీయంగా, మలేషియాలో నీలం అన్నంగా ఎప్పట్నుంచో వాడుతున్నారు. 2021లో అమెరికా ప్రభుత్వం ఈ పూల సారాన్ని తినే వస్తువుల్లో రంగుగా వాడుకోవచ్చని అనుమతిచ్చింది, 2025లో మరికొన్ని తిండ్లకి పొడిగించింది. వ్యాపారులు మన ఊరికి రావడానికి ఇదీ ఒక కారణం.

వాళ్ళు చెప్పని సంగతి కూడా వినండి. 2022లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈ ఎండు పూల మీద అభ్యంతరం చెప్పింది, పైన చెప్పిన సైక్లోటైడ్ల మీద సందేహంతోనే. అంటే "విదేశాలన్నీ ఎగబడి కొంటున్నాయి" అనే మాట సగమే నిజం. పైగా పూవులో తొమ్మిది పాళ్ళు నీళ్ళే. కిలో ఎండు పూలు కావాలంటే సుమారు పది కిలోల పచ్చి పూలు కోయాలి. పూవు ఒక్కరోజే ఉంటుంది కాబట్టి రోజూ పొద్దున్నే కోయాలి. కూలి లెక్క మీరే వేసుకోండి. ఇంట్లో మనుషులున్నవాళ్ళకి దడి మీద పూలు లాభం. కూలీల మీద ఎకరాలు వేసేవాళ్ళు ముందు కొనేవాణ్ణి చూసుకోవాలి.

పెంచడం చాలా తేలిక. గింజ పెంకు గట్టిది, అలాగే వేస్తే కొన్ని నెలలు తరబడి నేలలో పడుంటాయి. గరుకు రాయి మీద కాస్త రుద్ది, గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. తొలకరిలో అంగుళం లోతున వెయ్యండి. నీళ్ళు నిలవని చోటు, బాగా ఎండ తగిలే చోటు కావాలి. ఎక్కడానికి దడో, తాడో, కంది కట్టెలో చూపించండి. రెండు నెలల లోపే పూస్తుంది. యూరియా అక్కర్లేదు. మేతకి కోసేటప్పుడు మొదలుకంటా కొయ్యకుండా జానెడు పైన కొయ్యండి, మళ్ళీ చిగురిస్తుంది. గొర్రెల్ని, మేకల్ని రోజూ దాని మీదకి వదిలితే మాత్రం తట్టుకోదు. కాయ గోధుమ రంగుకి తిరగ్గానే కోసుకోండి, ఎండితే పగిలి గింజలు చెదిరిపోతాయి. వేరు, గింజ విరేచనకారి కాబట్టి పిల్లల నోటికి అందనివ్వకండి, సొంత వైద్యం చెయ్యకండి.

చివరగా అసలు మాట. ఈ తీగకి సంస్కృతంలో, తెలుగులో, లాటిన్‌లో ఎన్నో పేర్లున్నాయి. పేరు నమ్మి వేస్తే నీలం తీగ పండించి తెల్ల పూల మొక్క ధర అడిగినట్టు అవుతుంది. ఎవరైనా శంఖపుష్పి సాగు అని వస్తే మూడు పనులు చెయ్యండి. ఒకటి, మొక్క శాస్త్రీయ నామం ఒప్పంద కాగితం మీద రాయించండి. క్లిటోరియానా, కాన్వాల్వులసా, ఎవాల్వులసా, అంటే విష్ణుక్రాంతా, ఏదో ఒకటి. రెండు, వాళ్ళు కొనేది పూవా, వేరా, మొక్క మొత్తమా అన్నది రాయించండి. మూడు, గుప్పెడు గింజలు ముందు పెరట్లో వేసి, ఆకు, పూవు, కాయ చూశాకే చేలో వెయ్యండి. దానికి పోయేది రెండు నెలలు, మిగిలేది ఒక ఏడాది పెట్టుబడి.

ఒప్పందం కుదిరినా కుదరకపోయినా గట్టు మీద నాలుగు గింజలు వెయ్యండి. గేదెకి మేత, నేలకి బలం, దేవుడికి పూవు. ఈ మూడింటికీ ఎవరి కాగితమూ అక్కర్లేదు.

మీ వైపు దీన్ని ఏమని పిలుస్తారో రాయండి. దింటెన అనే మాట ఇంకా ఏ ఊళ్ళలో బతికుందో తెలుసుకోవాలని ఉంది.