గండి

ఖాజీపేట నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లేవాళ్లు కోట కోసమే వెళ్తారు. ఊరికి పేరు తెచ్చింది మాత్రం గండి.

గండి అంటే తెగిన చోటు, సందు. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన లోయే ఇక్కడి గండి; దాని అంచున కట్టింది గండికోట. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల నడుమ దారి చేసుకున్న చోటూ గండే. అక్కడి దేవుడు గండి వీరాంజనేయుడు.

కట్ట తెగితే చెరువుకు గండి పడిందంటాం. రాబడి పోగొడితే ఆదాయానికి గండి కొట్టారంటాం. మాటల్లో నష్టమైన గండి, పెమ్మసాని నాయకులు ఏలిన గండికోటకు మాత్రం అగడ్తలా కాపు కాసింది. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసినవాళ్లు ఆ లోయనూ తీరిగ్గా చూడాలి. కోటకు మొదటి గోడ అదే.