మద్రాసు యూదులు: పగడం, వజ్రం, పట్నం

మద్రాసు యూదుల ప్రస్తావన వస్తే చాలు, కథ గవర్నర్ ఎలిహు యేల్ చుట్టూనే తిరుగుతుంది. వజ్రాల వర్తకుడు జాక్ ద పైవా 1687లో మరణించాడు, అతని భార్య హీరోనిమా యేల్ ఇంట చేరింది. ఇది అబద్ధం కాదు గాని, చాలా పలచని చరిత్ర. ఒక వర్తక సమాజమంతా ఒక గవర్నరు ఇంటి ముచ్చటగా మిగిలిపోయింది.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1639లో ఈస్టిండియా కుంపిణీకి ఇక్కడ చోటు దొరికింది. 1680లలో లండన్ యూదులు వచ్చారు. వాళ్ల పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్‌లలో మతవిచారణకు గురైనవాళ్లు. 1688లో ఏర్పడిన కార్పొరేషన్‌లోని 12 మంది ఆల్డర్‌మన్‌లలో బార్తొలొమియో రొడ్రిగ్స్, దొమింగో దో పోర్తో, అల్వారో ద ఫొన్సేకా యూదులు. అదే సభలో తెలుగు వర్తకుడు చిన్న వెంకటాద్రి కూడా ఉన్నాడు. వాళ్లను ఆ పక్కపక్క పీఠాల మీద కూర్చోబెట్టింది వ్యాపార అవసరమే.

ఆ అవసరం పగడంతో మొదలైంది. మధ్యధరా సముద్రపు పగడం ఇటలీలోని లివోర్నో నుంచి లండన్‌కు, అక్కడి నుంచి మద్రాసుకు వచ్చేది. మంగళసూత్రంలో పగడం గుచ్చుకునే దేశంలో దానికి గిరాకీ కరువా? పగడాలూ వెండీ ఇక్కడికి వచ్చేవి, వాటికి బదులు వజ్రాలు లండన్‌కు వెళ్లేవి. ఆ వజ్రాలకు పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వంటి గనులు. కొల్లూరులో 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, యాత్రికుడు టావెర్నియే రాశాడు. ఆ అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు గాని, పని ఎంత పెద్దదో తెలుస్తుంది. పైవా కూడా గనులకు వెళ్లి, జబ్బుపడి తిరిగొచ్చి చనిపోయాడు. అందుకే ఈ చరిత్రలో సగం తెలుగు నేలది.

1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడటంతో ఈ వర్తకం కూలిందని సాధారణంగా చెబుతారు. దెబ్బ తగిలిన మాట నిజమే. అయితే మోసెస్ ద కాస్త్రో వంటివారు 18వ శతాబ్ది మధ్యలోనూ మద్రాసులో వ్యాపారం చేశారు. కనుక బ్రెజిల్ ఒక్కటే కారణం కాదు. గోల్కొండ గనులు తరిగాయి, బుందేల్‌ఖండ్ వజ్రాల సంత కాశీకి చేరింది, కుంపిణీ సంపద, అధికారం బెంగాల్ వైపు మళ్లాయి. బ్రెజిల్ దెబ్బకు ఈ మూడూ తోడై ఆ సమాజాన్ని కరిగించాయని నా అభిప్రాయం.

ఇప్పుడు ముత్యాలపేటలో పగడాల వీధి పేరుంది, యూదులు లేరు. పెద్దనాయకన్‌పేటలోని వారి సమాధుల్లో మిగిలిన రాళ్లు చోటు మారుతూ లాయిడ్స్ రోడ్డుకు చేరాయి. దీనికి భిన్నంగా, జర్మనీలో రైన్ నది తీరాన ఉన్న వార్మ్స్ ఊళ్లో 11వ శతాబ్ది నాటి యూదుల శ్మశానం ఉన్నచోటే ఉంది. 2021లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలాల్లో చేర్చింది. మన నగరం రాళ్లను కాపాడింది, సంతోషమే. కాని అవి మొదట నిలిచిన చోటి నుంచి వాటిని విడదీసింది. ఇక వజ్రాల కొల్లూరు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. యేల్ పేరు చెప్పే ప్రతి వారసత్వ నడకలోనూ వెంకటాద్రినీ, కృష్ణ ఒడ్డు కూలీలనూ తలవాలి. వాళ్లు లేకుండా ఈ చరిత్రకు అర్థం లేదు.