‘ఈ రాత్రి 9.30 గంటలకు కరెంటు నిలిపివేత’

గత నెల బిల్లు నమోదు కానందున రాత్రి 9.30 గంటలకు విద్యుత్తు నిలిపివేయబడునని, వెంటనే ఫలానా ‘అధికారి’కి ఫోను చేయవలెనని 2022లో దేశమంతటా ఇంగ్లీషులో ఒక సందేశం తిరిగినది. ఫోను నంబరు మారేది గాని వాక్యం మారలేదు. అందలి వ్యాకరణ దోషాలు సైతం అట్లే నిలిచినవి.

ఒకే నమూనాను యంత్రం ద్వారా వేలమందికి పంపుటయే ఇందుకు కారణం. అక్షరాల నడుమ చుక్కలు, సున్నాలు చొప్పించుట వడపోతను తప్పించుకొనే ఉపాయం. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఇట్టివాటికి మరొక వివరణ ఇచ్చాడు: నమ్మశక్యం కాని మాటలు చూచి జాగ్రత్తపరులు ముందే తప్పుకొందురు, మోసగానికి కావలసినది మిగిలినవారే. ఇన్ని ప్రతులు వ్రాసి పంచనిచో కీడు కలుగునని బెదిరించిన వెనుకటి పోస్టుకార్డులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

అస్కాతో సహా గంజాం జిల్లాకు 2021 నుండి విద్యుత్తు నిచ్చుచున్నది బరంపురం కేంద్రంగా గల టాటా పవర్ వారి సంస్థ. బకాయి ఉన్నను, 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం 15 పూర్తి రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వనిదే సరఫరా నిలుపరాదు. ఒక్క రాత్రి గడువే అనుమానించదగినది.

ఆ నంబరుకు ఫోను చేసినచో ఒక యాప్‌ను దించుకొని పది రూపాయలు చెల్లించమందురు. ఆ యాప్ మీ తెరను వారికి చూపును. పిన్, ఓటీపీ వారి కంట పడును. సొమ్ము పోయినచో ఆలస్యం చేయక 1930కు ఫోను చేయవలెను. డబ్బు చేతులు మారకముందే ఖాతాలో నిలుపుదల చేయించు అవకాశముండును. సందేశాన్ని చెరిపివేయక, లావాదేవీ సంఖ్యను దగ్గర ఉంచుకొనవలెను.