ట్యూబులైటులోని తెల్లపొడి



ఎల్ఈడీలు వచ్చి ఇళ్ళలో చాలావరకు మూలపడ్డాయి గాని, పాత కొట్లలోనూ, ఆఫీసు వరండాల్లోనూ నాలుగడుగుల ట్యూబులైటు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే వుంది. స్విచ్చి వెయ్యగానే రెండు మూడుసార్లు రెప్పలార్చి, చోకు గుయ్యిమంటూ వెలుగుతుంది చూడండీ, అదే!

ఆ రెప్పలార్చడం స్టార్టరు పని. గొట్టం చివర్లలోని తీగలు వేడెక్కగానే స్టార్టరు విడిపోతుంది. ఆ క్షణాన చోకు కరెంటును ఒక్క తోపు తోస్తుంది. లోపలున్న పాదరసపు ఆవిరి నుంచి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. వాటిని మనకు పనికొచ్చే వెలుతురుగా మార్చేది గొట్టం లోపల పూసిన తెల్లపొడి. నేను చెప్పబోయేది ఆ పొడి సంగతే.

అమెరికాలో ఈ దీపాలు 1938లో అమ్మకానికొచ్చాయి. మరుసటి ఏడు న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో జనం వాటిని చూసి ముచ్చటపడ్డారు. అంతలో యుద్ధం వచ్చింది. రాత్రింబవళ్ళు నడిచే ఫ్యాక్టరీలకు తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుతురు కావలసివచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలంలో (మన తమిళనాటి సేలం కాదు సుమండీ!) ఈ దీపాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఎందరో ఆడపిల్లలు పనికి కుదిరారు. అప్పటి పొడిలో బెరీలియం అనే లోహం కలిసేది. కొన్నాళ్ళకు వాళ్ళలో కొందరికి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. మనుషులు చిక్కి శల్యమయ్యారు. పని మానేసిన చాన్నాళ్ళకు జబ్బు బయటపడినవాళ్ళూ వున్నారు. డాక్టర్లేమో మరేదో రోగమన్నారు. బెరీలియం విషం కాదని 1943లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ నివేదికే చెప్పింది మరి!

హారియెట్ హార్డీ అనే డాక్టరమ్మ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. టాబర్‌షా అనే మరో డాక్టరుతో కలిసి, 17 మంది రోగుల వివరాలు 1946లో ప్రచురించింది. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. చివరికి 1949లో దీపాల కంపెనీలు బెరీలియం వాడకం మానుకున్నాయి. బెరీలియం అక్కర్లేని పొడిని ఇంగ్లండులో 1942లోనే కనిపెట్టారన్న సంగతి తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

పొడి మారింది గాని చోకు పెట్టె మిగిలింది. అక్కడి పాత ఆఫీసుల్లో, బడుల్లో కప్పులకు బిగించిన ఆ పెట్టెల్లో పీసీబీ అనే విషపు నూనె వాడేవారు. 1979లో దాని తయారీని నిషేధించారు. పాత పెట్టెలు మాత్రం దశాబ్దాల తరబడి వైరింగుతోపాటు అలాగే వుండిపోయి, చివికి కారడం మొదలుపెట్టాయి.

మీ ఇంట్లో పాత ట్యూబు పగిలిందనుకోండి, అందులో పాదరసం వుంటుంది. పిల్లల్ని అవతలికి పంపి, కిటికీలు తెరిచి కాసేపాగండి. చీపురు పట్టకుండా, పెంకుల్ని దళసరి అట్టతో ఎత్తి మూతవున్న డబ్బాలో వేయండి.